కాదనగలవారి యెదుట పొగడ్త
(మేడారమున చేసిన స్మారకోపన్యాస పాఠము)

గద్దెల పూజారుల కుటుంబములవారలారా, వివిధ గట్టుల పెద్దలారా, విద్యార్థినీ విద్యార్థులారా,

కోయ డోలి గాయకులు సకిని రామచంద్రయ్యగారి స్మృత్యర్థము నాలుగు మాటలు చెప్పవలసినదని నన్ను కోరినప్పుడు, దేనిని గూర్చి చెప్పుట ఉచితమని చాల ఆలోచించితిని. భద్రాద్రి కొత్తగూడెము జిల్లా, మణుగూరు మండలములోని కూనవరము వారి ఊరు; కోయల వంశచరిత్రలను, సమ్మక్క సారలమ్మల గాథను కోయభాషలోను తెలుగులోను గానము చేయుట వారికి తరతరములుగా వచ్చిన విద్య; 2022వ సంవత్సరమున భారత ప్రభుత్వము వారికి పద్మశ్రీ పురస్కారము నిచ్చినది; 2024 జూన్ నెలలో వారు కాలధర్మము నొందిరి. జీవితమంతయు ఇతరుల కీర్తిని పాడుటయే పనిగా బ్రతికిన మనిషిని తలచుకొనుటకు చేరిన సభలో, అసలు ఒక మనిషిని ఎప్పుడు, ఎక్కడ, ఎవరి సమక్షమున పొగడవచ్చును, ఎప్పుడు పొగడరాదు అను ప్రశ్నకన్న తగిన విషయము నాకు తోచలేదు.

పొగడుట తేలికైన పనియని, ఖర్చులేని దానమని మనలో అనేకులు భావింతురు. కాని లోకమున ఏ జాతి చరిత్రను పరికించినను, తిట్టుటకు ఎన్ని కట్టుబాట్లు కలవో పొగడుటకును దాదాపు అన్ని కట్టుబాట్లు కానవచ్చును. మన దేశములో చిరకాలముగా వ్యవహారమునందున్న ఒక సంస్కృత నీతి ఉన్నది: గురువును ముఖాముఖిగా స్తుతింపవచ్చును, మిత్రులను, బంధువులను వారి పరోక్షమున మెచ్చుకొనవలెను, పనివారిని పని ముగిసిన పిమ్మట మెచ్చవలెను, కొడుకులను, స్త్రీలను ఎన్నడును పొగడరాదు. ఇందలి కడపటి మాటను నేను గౌరవింపజాలను. ఒక తల్లిని, ఆమె కూతురును కోట్లమంది కొలుచుచున్న ఈ మేడారము నేలపై నిలిచి స్త్రీని పొగడరాదని చెప్పుటకు ఎవరికి నోరు వచ్చును? అయినను తక్కిన భాగము త్రోసిపుచ్చదగినది కాదు. పొగడ్తకు పాత్రము వేఱు, వేళ వేఱు, చోటు వేఱు అని గుర్తించిన ఆ దృష్టి సామాన్యమైనది కాదు. దాని వెనుకనున్న కారణమును ఆ నీతికర్త చెప్పలేదు గనుక మనమే వెదకుకొనవలసియున్నది.

మన యిండ్లలో పసిబిడ్డను చూడవచ్చిన ముత్తైదువ నొకతెను గమనింపుడు. బిడ్డ ముద్దుగా ఉన్నాడన్న మాట ఆమె పెదవిపైకి వచ్చును. వచ్చిన మఱుక్షణముననే రెండు అరచేతులను బిడ్డ ముఖమునకు ఇరువైపుల నుండి తెచ్చి, మడిచిన వ్రేళ్లను తన కణతలకు ఆనించి, మెటికలు విఱుచును. "నా దిష్టే తగిలేట్టుంది తల్లీ" అనును. బిడ్డ చెక్కిలిపై కాటుకచుక్క అప్పటికే ఉండును. మన ఓరుగల్లు, హైదరాబాదు వీథులలోని ముసల్మాను ఇండ్లలో బిడ్డను మెచ్చుకొనువారు ముందుగా "మాషా అల్లా" అని ఈశ్వరేచ్ఛకు ఆ మెప్పును సమర్పించి గాని తృప్తిపడరు. గ్రీసు దేశపు అవ్వలు ముమ్మారు ఉమ్మివేసినట్లు అభినయింతురు. ఈ ఆచారములను మూఢవిశ్వాసములని త్రోసివేయుట సులభము. కాని ఆ వీథిలోనే బిడ్డలు లేని ఇల్లాలొకతె ఉండును, పుట్టిన బిడ్డను పోగొట్టుకొన్న తల్లి యొకతె ఉండును. ఒకరిని కొలిచి చెప్పిన మాట వినుచున్న ఇతరులనుగూడ కొలుచుననియు, ఎవరినో తక్కువ చేయక ఎవరిని ఎక్కువ చేయుట అరుదనియు ఆ ముత్తైదువకు తెలియును. ఆ మెటికల చప్పుడు ఆ తల్లులకు చెప్పుకొనిన క్షమాపణయని నేను నమ్ముచున్నాను.

కొడుకును పొగడరాదన్న దానికి సుమతీ శతకకర్త ఒక లోకానుభవమును జోడించినాడు: తండ్రికి పుత్రోత్సాహము కొడుకు పుట్టిన నాడు కాక, లోకులు ఆ కొడుకును మెచ్చిన నాడు కలుగునని. మెప్పు ఇతరుల నోటినుండి రావలెను. తండ్రి నోట వచ్చినచో అది ఆత్మస్తుతియే. ఆత్మస్తుతి ఎంతటి దోషమో చెప్పుటకు భారతము కర్ణపర్వమునందలి ఒక ఘట్టము చాలును. గాండీవమును మఱియొకరి కిమ్మని పలికిన వానిని చంపుదునని అర్జునునకు ప్రతిజ్ఞ కలదు. ఆ మాటను ధర్మరాజే పలికినాడు. అన్నను చంపలేక, ప్రతిజ్ఞను విడువలేక నిలిచిన అర్జునునితో శ్రీకృష్ణుడు, పెద్దవానిని ముఖముపై తూలనాడుట అతనిని చంపుటతో సమానము గనుక అట్లు చేయుమన్నాడు. అర్జునుడు అట్లే చేసి, చేసిన పాపమునకు తన ప్రాణమును తీసికొనబోగా, నిన్ను నీవు పొగడుకొనుము, అది ఆత్మహత్యతో సమానమన్నాడు. ఆత్మహత్యకు బదులుగా ఆత్మస్తుతిని విధించిన ఈ ఘట్టమంత సూక్ష్మమైన ధర్మవిచారము నా పఠనములో వేఱొక చోట కనబడలేదు.

ఇప్పుడు మన ఓరుగంటికి రావలెను. 1289 మొదలు 1323 వరకు ఏలిన కాకతీయ ప్రతాపరుద్రుని ఆస్థానమున విద్యానాథుడను పండితుడు సంస్కృతమున ఒక అలంకారశాస్త్ర గ్రంథమును రచించినాడు. దానిపేరు ప్రతాపరుద్ర యశోభూషణము, ప్రతాపరుద్రీయమని వాడుక. నాయకుడన ఎట్టివాడు, రసమన నేమి, గుణములెవ్వి, దోషములెవ్వి, అలంకారములెన్ని యని శాస్త్రము చెప్పుచు, ప్రతి లక్షణమునకును లక్ష్యముగా ఒక శ్లోకము నిచ్చుటలో, పెక్కుమంది ఆలంకారికులు కాళిదాసాదుల కావ్యముల నుండి ఉదాహరణములను ఏరుకొనగా, విద్యానాథుడు తానే శ్లోకములల్లి, వానిలో ప్రతాపరుద్రునే స్తుతించినాడు. నాటక లక్షణము చెప్పవలసివచ్చినప్పుడు ప్రతాపరుద్ర కల్యాణమను అయిదంకముల నాటకమునే గ్రంథమధ్యమున నిలిపినాడు. మల్లినాథుని కుమారుడు కుమారస్వామి దీనికి రత్నాపణమను వ్యాఖ్య వ్రాసినాడు. దక్షిణదేశమున తరతరముల విద్యార్థులు అలంకారశాస్త్రమును దీనివలననే నేర్చిరి. పాండిత్యమున ఇది ఉత్తమ గ్రంథము; ఆ శ్లోకముల నిర్మాణమునందలి నేర్పును నేను తక్కువచేయను. కాని ఒక్క ప్రశ్న నన్ను విడువదు. ఆ శ్లోకములు చదివిన నాడు సభలో ఉన్నవారిలో, "ఇది ఇట్లు కాదు" అని అనగలవాడు ఒక్కడైన ఉండెనా? సేనానులా? వారు రాజుగారి జీతగాండ్రు. తక్కిన పండితులా? వారికిని అదే గతి. రాజా? తనను గూర్చిన శ్లోకమును కాదనుటకు ఆయనకు కారణమేమున్నది? కాదనగలవాడెవ్వడును లేని చోట పలికిన స్తుతి, ఎంత అందమైనదైనను, ఎవరికిని చెందని మాటయై గాలిలో నిలిచిపోవును.

ఈ ఓరుగల్లు సీమలోనే రాజస్తుతికి ఒప్పని కవులు కూడ వెలసిరి. పాలకుర్తి సోమనాథుడు శివభక్తులను కీర్తించినాడు గాని భూపతులను కీర్తింపలేదు. దగ్గఱనే ఉన్న బమ్మెరకు చెందిన పోతన తన భాగవతమును రాజులకు అంకితమీయ నొల్లకుండెను. వారి నిర్ణయము పూజ్యము. కాని నరుని స్తుతించుటయే తప్పని మనము సిద్ధాంతము చేసికొన్నచో, రామచంద్రయ్యగారి వంటి వారి జీవితకాలపు పనికి అర్థము చెప్పలేము. తప్పు నరుని స్తుతించుటలో లేదు. ఎవరి యెదుట స్తుతించుచున్నామన్న దానిలోనే ఒప్పు తప్పులున్నవి.

ప్రతాపరుద్రుని కాలపు కథగానే సమ్మక్క కథను మీ పెద్దలు చెప్పుకొందురు. పొలవాసనేలిన మేడరాజు వేటకు వెళ్లగా, అడవిలో పులుల నడుమ ఆడుకొనుచు కనబడిన పసిపాప సమ్మక్క. ఆమె మేడారపు దొర పగిడిద్దరాజునకు భార్యయైనది. సారలమ్మ, నాగులమ్మ, జంపన్న వారి సంతానము. కఱవు కాలమున కప్పము చెల్లింపలేదని కాకతి సైన్యము దండెత్తివచ్చినది. పగిడిద్దరాజు, సారలమ్మ, సారలమ్మ భర్త గోవిందరాజు పోరాడి కూలిరి. ఓటమిని సహింపలేక జంపన్న సంపెంగవాగున దూకెను. వెన్నుపోటు తిన్న సమ్మక్క చిలకలగుట్ట వైపు నడచి అదృశ్యయైనది. వెదకబోయిన వారికి కుంకుమభరిణె దొరకినది. మీలో ప్రతి బిడ్డకును తెలిసిన ఈ కథను మీ యెదుట నేను తిరిగి చెప్పుటకు హేతువున్నది. విద్యానాథుని గ్రంథములో ఈ తల్లి పేరు లేదు. ఆమె కీర్తిని మోసినది డోలి.

డోలివారి గానము ఎట్లు సాగునో మీకు నేను చెప్పనేల? అయినను ఈ ఉపన్యాసమును అచ్చులో చదువు పట్టణవాసుల కొఱకు రెండు మాటలు చెప్పెదను. కోయలలో మూడవ గట్టు మొదలు ఏడవ గట్టు వరకు విభాగములు కలవు. ప్రతి గట్టునకును పడిగె ఉండును. అది ఒక కొసకు సన్నగిలుచుపోవు పొడవైన త్రికోణాకారపు గుడ్డ. దానిపై మనుష్యులు, జంతువులు, వేల్పుల గుఱుతులు వరుసగా కూర్చబడి ఉండును. పడిగెను వ్రేలాడదీసి, డోలు మ్రోగుచుండ, గాయకుడు ఒక్కొక్క బొమ్మను చూపుచు ఆ గట్టు మూలపురుషుని నుండి వంశక్రమమును పాడును. వినువారెవరు? ఆ గట్టువారే. ఆ చరిత్ర వారి తాతలది, వారు చిన్ననాటి నుండి వినుచు వచ్చినది. ఒక పేరు తప్పినను, ఒక తరము జాఱినను, ఎదుట కూర్చున్న ముసలివాడు అచ్చటనే ఆపగలడు. గాయకుడు కానుక తీసికొనును, నిజమే; విద్యానాథుడును తీసికొన్నాడు. కానుకలో భేదము లేదు. కానుక యిచ్చువాడే తప్పు పట్టగలవాడుగా కూడ కూర్చుండుటలో భేదమున్నది. ప్రొఫెసర్ జయధీర్ తిరుమలరావుగారు పడిగెలను, ఆదివాసీ వాద్యములను ఊరూర తిరిగి సేకరించి, ఈ సంప్రదాయమును విద్వల్లోకము దృష్టికి తెచ్చిరి. ఆ కృషికి తెలుగుజాతి ఋణపడియున్నది. అయితే పడిగె ప్రదర్శనశాల గోడపై నున్నప్పుడు చూచు వారికి బొమ్మల అందమే కనబడును. తప్పు పట్టగల ముసలివాడు అచ్చట లేడు.

మఱియొక సంగతి. డోలి పాట గెలుపు పాట కాదు. సమ్మక్క ఓడినది, ఆమె బిడ్డలు కూలిరి, ఆమె వెన్నున పోటు పడినది. పాట దేనిని దాచదు. జంపన్న దూకిన వాగునకు జంపన్నవాగని పేరు పెట్టి, జాతరకు వచ్చినవారందఱు అందు మునిగి గాని గద్దెల కడకు రారు. ఓటమి పేరు మీదుగా నడవని దర్శనము లేదు. ఇదియే ధర్మము ప్రతాపరుద్రుని విషయమునను వర్తించుట చూచి నేను ఆశ్చర్యపడితిని. 1323లో ఓరుగల్లు పడిపోయి, రాజు బందీయై ఢిల్లీకి పోవు త్రోవలో నర్మదా తీరమున తనువు చాలించినాడని చెప్పునది ముసునూరి ప్రోలయనాయకుని విలస తామ్రశాసనము. రాజ్యము లేదు, రాజు లేడు, కాకతీయుల బొక్కసము నుండి రాదగిన అగ్రహారము లేదు. అప్పుడు పలికిన ఆ శాసనములోని నాలుగు మాటలు ప్రతాపరుద్రీయములోని శ్లోకములన్నిటికన్న నా మనస్సును కలచివైచినవి. పరాజితుని ఓటమిని చెప్పుచునే గౌరవించిన మాట అది. ప్రతాపరుద్రునకును సమ్మక్కకును నిజమైన స్తుతి వారు ఓడిన పిమ్మటనే లభించినదన్న సత్యమును తలచినప్పుడెల్ల, ఆ యిరుపక్షముల వారిని నేను ఒకే ఆర్ద్రతతో తలచుకొనుచున్నాను.

ఇతర దేశములకు పోయినను ఇదే సూత్రము వేఱువేఱు వేషములతో కనబడును. దక్షిణాఫ్రికాలోని ఖోసా జాతిలో ఇంబోంగి యను స్తుతిగాయకుడు కలడు. దొరను వేనోళ్ల పొగడుటయే అతని పని. అయినను ప్రజల తరఫున ఆ దొర తప్పులను ఎత్తి చూపు అధికారమును అతనికే యిచ్చిరి. 1994 మే 10వ తేదీన నెల్సన్ మండేలా అధ్యక్షపదవిని స్వీకరించిన సభలో ఇంబోంగి నిలిచి గానము చేసినప్పుడు, ఆ పొగడ్తకు విలువ తెచ్చినది ఆ మందలించు అధికారమే. రోమునగరమున జయించి వచ్చిన సేనాని రథమెక్కి ఊరేగుచుండగా, వెనుక నడచు సైనికులు అతనిని ఎగతాళి చేయు పాటలు పాడుట ఆచారము. జూలియస్ సీజరును గూడ వారు విడువలేదు. కలహారి ఎడారిలోని కుంగు జాతివారి పద్ధతి ఇంకను కఠినము. వేటగాడు ఎంత పెద్ద మృగమును కొట్టి తెచ్చినను ఊరివారు దానిని ఎముకల గూడని, మోసుకొని వచ్చిన శ్రమ దండుగ యని చులకన చేయుదురు. రిచర్డ్ లీ అను మానవశాస్త్రజ్ఞుడు క్రిస్మసు విందుకొఱకు తాను కొన్న బలిసిన యెద్దును వారట్లే చులకన చేయగా బాధపడి, కారణము విచారించి, ఆ అనుభవమును 1969లో ప్రకటించినాడు. పొగడ్త వినిన యువకుడు తాను దొరననియు తక్కినవారు తన సేవకులనియు అనుకొనును, అహంకారి ఒకనాడు ఎవరినైన చంపును, అందుచేత వాని మాంసమునకు విలువ లేదని చెప్పి వాని గుండెను చల్లబఱచుదుము, అని వారు చెప్పిరట. అందఱు పంచుకొని తినవలసిన చోట ఒక్కని పేరు పైకి లేచుట అపాయమని వారికి తెలియును. మనకు ఇది అతిగా తోచును, నాకును తోచును. మెప్పులేని ఊరిలో బ్రతుకుటకు నేను ఇష్టపడను. కాని ఆ భయమునకు మూలమున్నదని మాత్రము ఒప్పుకొనక తప్పదు.

ఈ వెలుగులో మన పాత నీతిని మఱల చూడుడు. గురువును ఎదుట పొగడవచ్చునన్నారు. ఏలన, శిష్యుని మాటను కాదని త్రోసిపుచ్చగల అధికారము గురువునకున్నది, మెప్పు అతిశయించినచో ఆయనయే ఆపును. జపానులో శిష్యుడు గురువుతో "మీరు బాగుగా బోధించితిరి" అనుటను గూడ అంతగా మెచ్చరు, అది గురువునకు మార్కులు వేయుటగా భావింతురు. మన పల్లెలలోను చిన్నవాడు పెద్దవానితో అట్లు అనడు, "మీ దయ" అని ఊరకుండును. మిత్రుని పరోక్షమున మెచ్చవలెనన్నారు. అచ్చట వినువాడు మొగమాటము లేక కాదనగలడు. పనివానిని పని ముగిసిన పిమ్మట మెచ్చవలెనన్నారు. అప్పుడు పనియే ఎదుట నిలిచి సాక్ష్యము చెప్పును. పనికి ముందు మెచ్చుట బుజ్జగింపు, నడుమ మెచ్చుట తొందరపెట్టుట.

పని ముగిసిన పిమ్మటి మెప్పునకు మేడారపు మొక్కును మించిన రూపము నాకు తెలియదు. రెండేండ్ల కొకమాఱు మాఘమాసపు పున్నమి వేళ నాలుగు దినములు జరుగు ఈ జాతరలో విగ్రహము లేదు, వేదమంత్రము లేదు, సహస్రనామము లేదు. మొదటి దినమున కన్నెపల్లి నుండి సారలమ్మ, కొండాయి నుండి గోవిందరాజు, పూనుగొండ్ల నుండి పగిడిద్దరాజు గద్దెలకు వత్తురు. రెండవ దినమున పూజారులు చిలకలగుట్ట ఎక్కుదురు. ఆ గుట్టపై జరుగు పూజను ఇతరులు చూడరాదు, చూచినవారు చెప్పరాదు. తల్లిని గుట్టమీద మాటలతో పొగడువాడు లేడు. ఆమె దిగివచ్చు వేళ జిల్లా పోలీసు అధికారి గాలిలోనికి తుపాకి ప్రేల్చి ప్రభుత్వము తరఫున వందనము చేయును. దారి పొడవునను భక్తులు ఎదురుకోళ్లను సమర్పింతురు, శివసత్తులు ఊగుదురు, జనసముద్రము ఘోషించును. అప్పుడు భక్తుడు చేయునదేమి? తన బరువునకు సరితూగు బెల్లమును తెచ్చి, దానిని బంగారమని పిలిచి, గద్దెమీద సమర్పించును. గత జాతరలో కోరినది నెరవేరినది. తీరిన కోరికకు చెల్లింపు ఇది. ఆ తూకపు చోట నేను చూచిన దృశ్యము నొకదానిని చెప్పెదను. ఒక యువతి త్రాసులో ఒక ప్రక్క తన రెండేండ్ల బిడ్డను కూర్చుండబెట్టి, రెండవ ప్రక్క బెల్లపు ముద్దలను పేర్చుచున్నది. బిడ్డ కదలినప్పుడెల్ల ముల్లు ఊగుచున్నది. దుకాణదారుడు చాలునన్నను ఆమె ఇంకొక ముద్ద పెట్టించినది. తల్లిని గూర్చి ఒక్క విశేషణమును ఆమె పలుకలేదు. ఎంత ఇచ్చితివో అంత తూచి చూపుచున్నానన్నదే ఆమె స్తోత్రము; తూకము తప్పినచో చూచుచున్న పదిమంది చెప్పగలరు.

దీనికి ప్రక్కన మన పట్టణముల సన్మానసభను నిలిపి చూడవలసివచ్చుట నాకు కష్టముగానే ఉన్నది. సన్మానితుని ఎత్తైన కుర్చీలో కూర్చుండబెట్టుదురు. శాలువా కప్పుదురు, దండ వేయుదురు, ఛాయాచిత్రకారుడు అడుగగా కప్పిన శాలువానే మఱల కప్పుదురు. పిదప చట్రము కట్టిన సన్మానపత్రమును ఒకరు గొంతెత్తి చదువుదురు. సన్మానితుడు తలవంచుకొని కాలిబొటనవ్రేలిని చూచుకొనుచుండును. ఆ పత్రములో సరస్వతీపుత్రుడని, సౌజన్యమూర్తియని, బహుముఖ ప్రజ్ఞాశాలియని ఉండును. పేరు మార్చినచో మఱునాడు మఱియొకరికి అక్షరము మార్చక చదువవచ్చును. ఈ దోషము పత్రము వ్రాసినవాని ఒక్కనిది కాదు. సభలో కూర్చున్న మనమందఱము అది నిజమో కాదో అడుగకుండుటకే ఒప్పుకొని వచ్చితిమి. ఆయన చేసిన ఒక్క పనిని, చేసిన ఊరు, చేసిన యేడు, దానివలన లాభపడినవారి మాటతో చెప్పినచో ఆ పత్రము నాలుగు పంక్తులకు మించదు. కాని ఆ నాలుగు పంక్తులను ఆయన తలయెత్తి వినగలడు. అమెరికాలో స్థిరపడిన మన తెలుగు కుటుంబములలో ఈ సమస్య మఱియొక రూపము దాల్చినది. అచ్చటి బడిలో బిడ్డ గీసిన ప్రతి గీతకును మెప్పు దొరకును. ఇక్కడి నుండి వెళ్లిన తాతయ్య, మనుమని మొగముమీద మెచ్చుకొనుట ఆయుక్షీణమని నోరు మెదపడు. బిడ్డ ఆ మౌనమును కోపమని అనుకొనును. ఈ విషయమున 1998లో క్లాడియా మ్యూలర్, కెరల్ డ్వెక్ అను శాస్త్రజ్ఞులు ప్రకటించిన పరిశోధన గమనింపదగినది: నీవు తెలివిగలవాడవని పొగడబడిన పిల్లలు ఆ తరువాత ఒక ఓటమి ఎదురుకాగానే వెనుకకు తగ్గిరి, బాగుగా శ్రమించితివని మెచ్చబడినవారు పట్టు విడువలేదు. శ్రమించినది లేనిది బిడ్డకు తెలియును, ఆ మెప్పును ఆ బిడ్డయే సరిచూచుకొనగలడు. తెలివిని గూర్చిన మెప్పును సరిచూచుకొనుటకు బిడ్డకు సాధనము లేదు. తాతయ్యలు ఆ శ్రమను పేరుపెట్టి మెచ్చుకొనవలెనని నా విన్నపము. అందులో దిష్టి లేదు.

చివరకు రామచంద్రయ్యగారి కడకు వత్తును. పద్మశ్రీ వారికి తగిన గౌరవము. ఆ వార్త విని సంతోషించిన వారిలో నేనొకడను. అయితే ఢిల్లీలోని ఆ సభామందిరమున చప్పట్లు చఱచిన వారిలో ఒక డోలి కథను మొదటి నుండి తుది వరకు వినినవారెందఱు? వారి పాట బాగున్నదని గాని, ఫలానిచోట తప్పినదని గాని చెప్పగలవారు ఆ మందిరములో లేరు. వారు కోయపల్లెలలో ఉన్నారు. జీవించియుండగా రామచంద్రయ్యగారిని నిజముగా మెచ్చినది, తప్పు పలికినప్పుడు ఆపగలిగిన ఆ పల్లెజనమే. ఇప్పుడు రామచంద్రయ్యగారు లేరు. చనిపోయినవానిని గూర్చి పొగడ్తయే తప్ప మఱియొక మాట పలుకరాదని మన మర్యాద. ఈ మర్యాదను నేను పూర్తిగా అంగీకరింపలేకున్నాను, ఏలన చనిపోయినవాడు తన్నుగూర్చిన అతిశయోక్తిని తానే ఖండింపలేడు, ఆ బాధ్యత బ్రతికియున్నవారిపై పడుచున్నది. వారి గొంతును ఆకాశమున కెత్తు మాటలు నేను పలుకకుండుటకు ఇదియే కారణము. వారి పాటలో దేనిని దేనికన్న మిన్నగా పాడిరో తేల్చగల విద్య నాకు లేదు.

ఆ విద్య కలవారు ఈ సభలో ముందు వరుసలో కూర్చున్నారు. గట్టుల పెద్దలకు నా ప్రార్థన యేమనగా, ఈ ఉపన్యాసము అచ్చునకు పోకముందే, నేను చెప్పిన కథలో, వరుసలలో, పడిగె వర్ణనలో ఎక్కడెక్కడ తప్పు దొరలినదో ఇప్పుడే లేచి చెప్పుడు. వ్రాసికొనుటకు కాగితము, కలము తెచ్చుకొన్నాను. మీ మాటను నా పాఠము ప్రక్కనే, మీరు చెప్పిన రీతినే అచ్చువేయింతును. పిమ్మట డోలివారు పాడుదురు. కోయ పిల్లలు వెనుకనుండి ముందుకు వచ్చి కూర్చుండుడు, పడిగె మీకు కనబడవలెను.